శివారు ప్లాన్లలో పార్కు ఎప్పుడు పోతుంది, మన మాట ఎప్పుడు చెల్లుతుంది

శివారులో ఏళ్ల తరబడి పిల్లలు ఆడుకున్న జాగాకు ఒకరోజు కంచె పడుతుంది. మర్నాడు జేసీబీ దిగుతుంది. అప్పుడు చుట్టుపక్కల వాళ్లంతా పోగవుతారు. సంతకాలు సేకరించి ఆఫీసుకు వెళ్తే, "అనుమతులన్నీ ఉన్నాయి, రూల్స్ ప్రకారమే కడుతున్నారు" అంటారు. బాధ కలిగించే విషయమేమిటంటే, చాలాసార్లు ఆ జవాబు నిజమే. ఆ జాగా పచ్చగా మిగలాలా, ఇళ్లుగా మారాలా అన్నది ఏళ్ల కిందటే ఒక మ్యాపు మీద తేలిపోయి ఉంటుంది. దాని మీద అభ్యంతరాలుంటే చెప్పమని నోటీసు కూడా వచ్చే ఉంటుంది. ఎవరి కంటా పడి ఉండదు.

అభివృద్ధి ప్రణాళికల మీద ప్రజాభిప్రాయ సేకరణ అనగానే మనం "అధికారులు వింటారా, వినరా" అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతాం. అది అడగాల్సిన ప్రశ్నే. కానీ అంతకన్నా ముందు ఇంకో రెండు అడగాలి. ఏ దశలో అడుగుతున్నారు? దేని మీద అడుగుతున్నారు? పచ్చటి జాగా మిగలడం, మిగలకపోవడం ఎక్కువగా ఈ రెండింటి మీదే ఆధారపడి ఉంటుందని నా నమ్మకం.

ఏ దశలో అడుగుతున్నారు

పేర్లు దేశానికో రకంగా ఉన్నా, వ్యవహారం దాదాపు అంతటా మూడు దశల్లో నడుస్తుంది. మొదటిది నగరం మొత్తానికో, ప్రాంతం మొత్తానికో వేసే మాస్టర్ ప్లాన్. రాబోయే పదిహేను, ఇరవై ఏళ్లలో ఎక్కడ ఇళ్లు రావాలి, ఎక్కడ పరిశ్రమలు రావాలి, ఏది సాగు భూమిగా ఉండాలి, ఏది పచ్చగా ఉండాలి అన్నది ఇక్కడ రంగులు వేసి తేల్చేస్తారు. రెండోది లేఅవుట్. ఫలానా భూమిని రోడ్లుగా, ప్లాట్లుగా, పార్కులుగా విడగొడతారు. మూడోది భవన నిర్మాణ అనుమతి.

మొదటి దశలో దాదాపు ఏదైనా అడగొచ్చు. ఈ వాగు పక్కన ఇళ్లే వద్దు అనొచ్చు, ఈ తోపును అలాగే ఉంచండి అనొచ్చు. రెండో దశకు వచ్చేసరికి ఇళ్లు వస్తాయన్నది ఖాయమై ఉంటుంది. పార్కు ఎంత, ఎక్కడ, ఏ ఆకారంలో అన్నది మాత్రం ఇంకా మార్చొచ్చు. మూడో దశలో అధికారి చేతిలో మిగిలేది చాలా తక్కువ. దరఖాస్తు నిబంధనలకు సరిపోతే అనుమతి ఇవ్వక తప్పదు. జనం కోపంగా ఉన్నారన్న కారణంతో తిరస్కరిస్తే, దరఖాస్తుదారు కోర్టుకు వెళ్లి గెలుస్తాడు.

జనం ఆసక్తి మాత్రం సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుంది. మొదటి దశలో సభకు వచ్చేవాళ్లు కొద్దిమంది. మూడో దశలో కుర్చీలు చాలవు. తప్పంతా జనానిది అనడానికి లేదు. మాస్టర్ ప్లాన్ మ్యాపులో మన వీధి చూద్దామన్నా కనబడదు. మన జాగా ఏదో పసుపు రంగు మచ్చలో కలిసిపోయి ఉంటుంది, ఆ పసుపుకు అర్థమేమిటో మూలన చిన్న అక్షరాల్లో ఉంటుంది. నివేదిక వందల పేజీలు. గడువు చూస్తే నెలో, రెండు నెలలో. పగలంతా ఉద్యోగం చేసుకునే మనిషికి అది చదివే ఓపిక, తీరిక ఎక్కడిది?

ఈ లోపం ప్రపంచానికి తెలియనిది కాదు. డెన్మార్క్‌లోని ఆర్హుస్ నగరంలో 1998లో ఐరోపా దేశాలు ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. పర్యావరణానికి సంబంధించిన నిర్ణయాల్లో ప్రజల భాగస్వామ్యం గురించిన ఒప్పందం అది. ప్రత్యామ్నాయాలన్నీ ఇంకా తెరిచి ఉన్నప్పుడే, అంటే ఏ దారీ మూసుకుపోకముందే ప్రజలను కలుపుకోవాలని అందులో స్పష్టంగా రాశారు. అభిప్రాయ సేకరణ నోటీసు ఎప్పుడు వచ్చినా దానికి పెట్టాల్సిన మొదటి పరీక్ష ఇదే. ఇప్పుడు మేం చెప్పే మాట వల్ల ఏమేమి మారే వీలుంది? దీనికి నిర్వాహకులు సూటిగా జవాబు చెప్పలేకపోతే, నిర్ణయం అయిపోయాక సభ పెట్టారనే అనుకోవాలి.

ఎవరి కోసం పుట్టిన పద్ధతి ఇది

బహిరంగ విచారణ అనే పద్ధతి మొదట అందరి గొంతూ వినడానికి పుట్టిందనుకుంటాం. దాని చరిత్ర కొంచెం వేరు. 1920ల్లో అమెరికా వాణిజ్య శాఖ రాష్ట్రాల కోసం ఒక నమూనా జోనింగ్ చట్టం, అంటే ఏ ప్రాంతంలో ఏమి కట్టొచ్చో తేల్చే చట్టం, తయారు చేసింది. నియమాలు పెట్టే ముందు బహిరంగ విచారణ జరపాలనీ, కనీసం 15 రోజుల ముందు పత్రికలో ప్రకటించాలనీ అందులో ఉంది. దాంతోపాటు ఇంకో నియమమూ ఉంది. జోన్ మార్పును ఆ స్థలంలోనో దాని పక్కనో ఉన్న భూమిలో 20 శాతానికి యజమానులైనవాళ్లు రాతపూర్వకంగా వ్యతిరేకిస్తే, పాలకమండలిలో నాలుగింట మూడు వంతుల మంది ఒప్పుకుంటే తప్ప మార్పు చెల్లదు. ఇక్కడ లెక్కలోకి వచ్చింది భూమి ఉన్నవాళ్లు. అద్దెకుండేవాళ్లు, పిల్లలు, రేపు ఆ ఇళ్లలోకి రాబోయేవాళ్లు ఆ లెక్కలో లేరు.

ప్రజలను ఎప్పుడు, ఎంతవరకు కలుపుకోవాలన్న ప్రశ్న 1969లో అట్లాంటిక్‌కు రెండు వైపులా గట్టిగా లేచింది. బ్రిటన్‌లో స్కెఫింగ్టన్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ, ప్రణాళికలు తయారవుతున్న సమయంలోనే ప్రజలను భాగస్వాములను చేయాలని నివేదిక ఇచ్చింది. అదే ఏడాది అమెరికాలో షెర్రీ ఆర్న్‌స్టీన్ ప్రజా భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వర్ణించింది. కింది మెట్ల మీద ఉన్నది జనాన్ని మభ్యపెట్టడం. మధ్యలో సమాచారం ఇవ్వడం, అభిప్రాయం అడగడం, బుజ్జగించడం. పై మెట్ల మీద మాత్రమే నిర్ణయంలో నిజమైన వాటా ఉంటుంది. మనం చూసే ప్రజాభిప్రాయ సభల్లో చాలా భాగం మధ్య మెట్ల దగ్గరే ఆగిపోతాయి. మాట్లాడనిస్తారు, రాసుకుంటారు, ఆ తర్వాత ఏమైందో చెప్పరు.

ఆకుపచ్చ రంగు కింద ఏముంది

ఇక రెండో ప్రశ్న: దేని మీద అడుగుతున్నారు? ఇక్కడే అసలు మోసం, లేదా మోసం లాంటి నిర్లక్ష్యం దాగి ఉంటుంది. "10 శాతం ఓపెన్ స్పేస్ వదులుతున్నాం" అనే మాట వినగానే మన మనసులో చెట్లు, బెంచీలు, ఆడుకునే పిల్లలు కనిపిస్తారు. లేఅవుట్ గీసిన షీటు మీద ఆ 10 శాతం దేనితో నిండిందో చూడాలి.

ఒక ఊహా లేఅవుట్ తీసుకుందాం. విస్తీర్ణం 10 హెక్టార్లు, అంటే లక్ష చదరపు మీటర్లు. 10 శాతం అంటే 10,000 చదరపు మీటర్లు. వినడానికి పెద్ద పార్కే. షీటులో ఆకుపచ్చ రంగు వేసిన ముక్కలను ఒక్కొక్కటే కొలుద్దాం. ఉత్తరాన 3,500 చదరపు మీటర్లది వర్షపు నీరు నిలవడానికి తవ్వే కుంట, చుట్టూ కంచె. పడమట 2,500 హైటెన్షన్ వైర్ల కింద పొడుగాటి పట్టీ. అక్కడ పెద్ద చెట్టు పెంచనివ్వరు. ఇంకో 2,000 రోడ్ల పక్కన, డివైడర్ల మీద వేసే గడ్డి. ఇవన్నీ పోగా మిగిలేది 2,000. అదైనా ఒకచోట ఉందా అంటే, ప్లాట్లుగా కుదరని మూడు మూలల్లో మూడు ముక్కలుగా ఉంది. వాటిలో సగటు ముక్క అటు 26 మీటర్లు, ఇటు 26 మీటర్లు. లక్ష చదరపు మీటర్ల కాలనీలో పిల్లలు బంతి ఆడుకోవడానికి దొరికేది అంతే. నిబంధన మాత్రం నూటికి నూరు పాళ్లూ పాటించినట్టే!

కుంట పనికిరానిదని అనడం లేదు. వరద ఆగాలంటే అది కావాలి. రోడ్డు పక్కన గడ్డీ మంచిదే. కానీ ఒక అవసరాన్ని ఇంకో అవసరం ఖాతాలో రాయడం తప్పు. కొన్నిచోట్ల నిబంధనల్లోనే ఈ తేడా చూపిస్తారు. ఏది వాడుకునే జాగా, ఏది కేవలం ఖాళీ జాగా అని వేరుచేస్తారు, కనీస వెడల్పు ఎంతుండాలో చెబుతారు. అలాంటి నియమం లేనిచోట దాన్ని పెట్టించడమే మొదటి దశలో అడగాల్సిన పెద్ద కోరిక. ఒక్కో లేఅవుట్ మీద పోట్లాడటం కన్నా ఇది ఎక్కువ పనిచేస్తుంది.

ఎంత దూరంలో ఉందన్నదీ విస్తీర్ణమంత ముఖ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం చెప్పే మార్గదర్శకం ప్రకారం, కనీసం అర హెక్టారు నుంచి ఒక హెక్టారు పచ్చటి స్థలం ఇంటి నుంచి 300 మీటర్ల లోపు ఉండాలి. అంటే ఐదు నిమిషాల నడక. నగర అడవుల నిపుణుడు సెసిల్ కోనైనెండైక్ 2021లో ప్రతిపాదించిన "3-30-300" సూత్రం ఇంకా తేలిగ్గా గుర్తుంటుంది. ప్రతి ఇంటి నుంచి కనీసం మూడు చెట్లు కనబడాలి, ప్రతి పేటలో 30 శాతం మేర చెట్ల నీడ ఉండాలి, పార్కు 300 మీటర్లలోపు ఉండాలి. ఈ దూరాన్ని మ్యాపు మీద గీత గీసి కొలిచి ఊరుకోకూడదు. మధ్యలో ఆరు వరుసల రోడ్డు ఉంటే ముసలివాళ్లకు, చంటిపిల్లల తల్లులకు ఆ పార్కు ఎంత దగ్గరున్నా లేనట్టే.

ఇంకో చిక్కు, నష్టపరిహారం పేరుతో వచ్చేది. ఇక్కడ పోయిన పచ్చదనానికి బదులు ఇంకెక్కడో పెంచుతాం అంటారు. ఇంగ్లండ్‌లో 2024 ఫిబ్రవరి నుంచి చాలా నిర్మాణాలకు ఒక షరతు వచ్చింది. కట్టడానికి ముందున్న దానికన్నా జీవవైవిధ్యం 10 శాతం పెరిగేలా చూడాలి, దాన్ని 30 ఏళ్లు కాపాడాలి. మంచి చట్టమే, ఇలాంటిది అన్నిచోట్లా రావాలి. అయితే నిర్మాణ స్థలంలో కుదరకపోతే ఆ పెరుగుదలను వేరేచోట చూపించడానికి కూడా అందులో వీలుంది. పక్షులకు, పురుగులకు మొత్తం లెక్క సరిపోవచ్చు. ఈ వీధిలోని మనిషికి నీడ మాత్రం పోయినట్టే. నలభై ఏళ్ల చెట్టుకు బదులు పది మొక్కలు నాటుతామన్నా ఇదే సంగతి. ఆ పది మొక్కలు అంత నీడ ఇచ్చేసరికి ఇప్పుడు బడికి వెళ్లే పిల్లలు ఉద్యోగాల్లో ఉంటారు.

అభ్యంతరం ఎలా రాస్తే జవాబు వస్తుంది

అభ్యంతరాలన్నీ చివరికి ఒక పట్టికలోకి వెళ్తాయి. ఒక గడిలో అభ్యంతరం, పక్క గడిలో శాఖ వివరణ, ఆ పక్కన నిర్ణయం. ఈ పట్టికను కళ్ల ముందు పెట్టుకుని రాయాలి. "ఈ ప్రాజెక్టు వల్ల పచ్చదనం నాశనమవుతుంది, వెంటనే రద్దు చేయాలి" అని రాస్తే పక్క గడిలో పడే వాక్యం ముందే చెప్పొచ్చు: "నిబంధనల ప్రకారం 10 శాతం వదిలారు." నిర్ణయం: తిరస్కరణ. వందమంది అవే మాటలతో సంతకాలు పెట్టినా చాలాచోట్ల దాన్ని ఒకే అభ్యంతరంగా చూస్తారు.

పైన చెప్పుకున్న లేఅవుట్ మీదే ఇంకోలా రాసి చూద్దాం: "ఉత్తరాన ఓపెన్ స్పేస్‌గా చూపిన 3,500 చదరపు మీటర్లు కంచె వేసిన నీటి కుంట. దాన్ని పార్కు లెక్కలోంచి తీసేయాలి. తూర్పు హద్దులో ఇప్పటికే పెద్ద చెట్లున్నాయి, ఫొటోలు, కొలతలు జతచేశాం. మూడు మూలల్లో ఉన్న ముక్కలను కలిపి అక్కడ ఒకే పార్కుగా ఇవ్వాలి. ఇందుకు లోపలి రోడ్డును కాస్త జరిపితే సరిపోతుంది." ఈ ఉత్తరానికి "నిబంధనల ప్రకారం వదిలారు" అని జవాబు రాసి ముగించడం కష్టం. కుంట పార్కా, కాదా? చెట్లున్నాయా, లేవా? రోడ్డు జరపడం కుదురుతుందా, కుదరదా? వీటిలో ఒక్కదానికైనా ఇంజనీరు సైటుకు వెళ్లాలి. రేపు ఎవరైనా కోర్టుకు వెళ్తే, జవాబివ్వకుండా వదిలేసిన ఈ ప్రశ్నలే బలమైన ఆధారాలవుతాయి.

ఏ కారణం చెల్లుతుంది, ఏది చెల్లదు అన్నదీ తెలిసి ఉండాలి. మా ఇంటి విలువ తగ్గుతుంది, మా బాల్కనీ నుంచి కనబడే దృశ్యం పోతుంది అన్నవి చాలా దేశాల్లో చెల్లవు. వరద, ట్రాఫిక్, పెద్ద చెట్ల నష్టం, పార్కుకు వెళ్లే దారి, బడులకూ ఆసుపత్రులకూ చాలినంత జాగా ఉందా అన్నవి చెల్లుతాయి. కోపంలో మొదటి రకం ముందు రాసేస్తాం, రెండో రకం చివర్లో ఒక్క ముక్కలో తేలుస్తాం.

సభకు రాలేనివాళ్లు

ఇక్కడ మనలో మనం నిజాయితీగా మాట్లాడుకోవాల్సిన సంగతి ఒకటుంది. బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ముగ్గురు పరిశోధకులు, ఐన్‌స్టీన్, గ్లిక్, పామర్, అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 97 ఊళ్ల ప్లానింగ్ సభల మినిట్స్, అంటే సభలో ఎవరేం మాట్లాడారో రాసుకున్న రికార్డులు, చదివి, మాట్లాడినవాళ్లెవరో చూశారు. ఆ ఊళ్ల మొత్తం జనాభాతో పోలిస్తే వయసులో పెద్దవాళ్లు, మగవాళ్లు, సొంతిల్లున్నవాళ్లు, ఎన్నో ఏళ్లుగా అక్కడే ఉంటున్నవాళ్లు ఎక్కువగా ఉన్నారు. కొత్త ఇళ్లను సమర్థిస్తూ మాట్లాడినవాళ్లు 15 శాతం దాకానే.

దీనికి కారణం సులభంగా ఊహించొచ్చు. కొత్త ఇళ్లు కట్టాక అందులోకి వచ్చేవాళ్లు ఎవరో ఇంకా ఎవరికీ తెలియదు, వాళ్లకే తెలియదు. సభలో వాళ్ల కుర్చీ ఎప్పుడూ ఖాళీయే. కాబట్టి "పచ్చదనాన్ని కాపాడండి" అనే మాట ఒక్కోసారి "కొత్తవాళ్లను రానివ్వకండి" అనే మాటకు మర్యాదైన ముసుగు అవుతుంది. పచ్చదనం మీద ప్రేమ ఉన్నవాళ్లే ఈ ముసుగును ముందు తీసేయాలని నాకనిపిస్తుంది. తీయకపోతే, నిజమైన అభ్యంతరం కూడా స్వార్థంగానే కనబడుతుంది. దీనికి పరీక్ష సులువు. మనం అడుగుతున్న పార్కు రేపు వచ్చేవాళ్లకు కూడా గేటు తెరిచి ఉంటుందా? ఇళ్లు ఎన్ని, ఎక్కడ అన్నదానికి మన దగ్గర ఒక ప్రత్యామ్నాయం ఉందా?

బెర్లిన్‌లోని టెంపెల్‌హోఫ్ దగ్గర పచ్చదనం, కొత్త ఇళ్లు అనే రెండు మంచి పనులూ ఎదురెదురుగా నిలబడ్డాయి. అక్కడి విమానాశ్రయం 2008లో మూతపడింది. సుమారు 300 హెక్టార్ల మైదానాన్ని 2010లో ప్రజలకు తెరిచారు. అంచుల్లో దాదాపు 4,700 ఇళ్లు కట్టాలని నగర ప్రభుత్వం ప్రతిపాదిస్తే, 2014 మేలో జరిగిన ప్రజాభిప్రాయ ఓటింగ్‌లో 64 శాతం మంది ఏమీ కట్టొద్దన్నారు. అది చట్టమైంది. తర్వాత శరణార్థుల వసతి కోసం 2016లో ఆ చట్టాన్ని కొంత సవరించారు. ఇళ్ల కొరత పెరిగేకొద్దీ అంచుల్లో కట్టాలన్న వాదన మళ్లీ మళ్లీ లేస్తోంది. ఆ రోజు ఓటేసినవాళ్లు తప్పు చేశారని నేననను. అంత మైదానం ఒకసారి పోతే మళ్లీ రాదు. కానీ ఓటు పత్రం మీద "కొంచెం కట్టండి, మిగతాది శాశ్వతంగా వదలండి" అనే మధ్య దారి జనానికి నమ్మకం కలిగేలా ముందే తయారై ఉంటే బాగుండేది.

సభకు రాలేనివాళ్ల దగ్గరికి సభే వెళ్లాలి. బస్టాపుల దగ్గర, బడుల దగ్గర, సెలవు రోజున ఆ జాగాలోనే నడుస్తూ అడగొచ్చు. కాగితం మీద మ్యాపు అర్థం కాని మనిషికి కూడా, "రోడ్డు ఇదిగో ఈ చెట్టు మీదుగా వస్తుంది" అని అక్కడే చూపిస్తే క్షణంలో అర్థమవుతుంది.

కాగితం మీద కట్టేయడం

పార్కు దక్కిందనుకున్నాక దాన్ని నిలుపుకోవడం వేరే పని. బెంగళూరులో ఒక లేఅవుట్‌లో పార్కుకని వదిలిన స్థలాన్ని నర్సింగ్ హోమ్ కట్టుకోమని ఒక ట్రస్టుకు కేటాయించారు. కాలనీవాసులు కోర్టుకెక్కారు. కేటాయింపు చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆసుపత్రి కూడా జనానికి పనికొచ్చేదే కదా అన్న వాదన నిలవలేదు. పార్కు అవసరం వేరు, దాని స్థానంలో ఇంకో మంచి పనిని తెచ్చిపెట్టలేరు. ఆ పార్కు కోసం కోర్టుకు వచ్చే హక్కు అక్కడ ఉండేవాళ్లకు ఉందని కూడా తీర్పులో ఉంది. వాళ్ల చేతిలో ఉన్న గట్టి ఆయుధం, ఆమోదం పొందిన పథకంలో ఆ స్థలం "పార్కు" అని రాసి ఉండటం. కరపత్రంలో, బ్రోచర్‌లో, బిల్డర్ నోటి మాటలో ఉన్న పార్కుకు ఆ బలం ఉండదు.

ఇంగ్లండ్‌లో ఇంకో దారి ఉంది. స్థానికులు ఒక స్థలాన్ని 20 ఏళ్ల పాటు ఎవరి అనుమతీ అడగకుండా, బలవంతం లేకుండా, బాహాటంగా ఆటలకూ కాలక్షేపానికీ వాడుకుంటే, దాన్ని ఊరుమ్మడి పచ్చిక స్థలంగా నమోదు చేయించొచ్చు. 2013లో చట్టం మార్చాక, ఆ స్థలం మీద నిర్మాణ దరఖాస్తు ప్రకటించిన తర్వాత ఆ నమోదుకు అడగడం కుదరదు. ఇరవై ఏళ్ల వాడకం ఉన్నా, ఒక్క నోటీసు ముందు పడితే దారి మూసుకుపోతుంది. అక్కడ కూడా తొందరగా మేల్కొన్నవాళ్లకే మేలు.

నిర్వహణ సంగతి ఎవరూ సభలో అడగరు. పార్కు మునిసిపాలిటీకి అప్పగిస్తారా, నివాసుల సంఘానికా, ప్రైవేటు కంపెనీకా? బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, పదకొండు పెద్ద బిల్డర్లు 2021-22లో అమ్మిన కొత్త ఇళ్లలో సుమారు 80 శాతానికి ఇలాంటి ఉమ్మడి స్థలాల నిర్వహణ రుసుము ఉంది. అంటే పన్నులు కడుతూనే పార్కుకు వేరే డబ్బు కట్టాలి. డబ్బు కట్టేవాళ్లకు, "బయటివాళ్లు మా పార్కులోకి ఎందుకు రావాలి" అనిపించడం సహజం. కొన్నాళ్లకు గేటుకు తాళం పడుతుంది.

అందుకే అనుమతి పత్రంలో షరతులు రాయించాలి. పార్కు ఎప్పటికి పూర్తవ్వాలో తేదీతో కాకుండా ఇళ్లతో ముడిపెట్టడం మంచిది. ఉదాహరణకు వంద ఇళ్ల ప్రాజెక్టయితే, నలభయ్యో ఇంట్లో కాపురం పెట్టడానికి అనుమతి ఇచ్చేలోపు పార్కు పూర్తయి, అప్పగింత జరిగి ఉండాలి. తేదీ పెడితే పొడిగిస్తారు. ఇళ్లు అమ్ముడుపోవడం ఆగిందంటే మాత్రం పార్కు పని దానంతట అదే మొదలవుతుంది. ఉంచాల్సిన చెట్లకు యంత్రాలు సైటులోకి రాకముందే వేళ్ల విస్తీర్ణం మేర కంచె వేయాలి. కొమ్మల కింద సిమెంటు బస్తాలు, ఇసుక, లారీలు పెడితే మట్టి బిగిసిపోయి, చెట్టు అప్పటికప్పుడు పడిపోకపోయినా రెండు మూడేళ్లలో ఎండిపోతుంది. అప్పటికి బిల్డర్ వెళ్లిపోయి ఉంటాడు. కొత్తగా నాటిన మొక్క మొదటి ఐదేళ్లలో చనిపోతే తిరిగి నాటే బాధ్యత ఎవరిదో పేరుపెట్టి రాయాలి, అందుకు కొంత డిపాజిట్ కట్టించుకోవాలి. ఈ షరతులను ఏ అధికారి, ఏ నెలలో వచ్చి చూస్తారో, ఆ తనిఖీ నివేదిక జనానికి ఎక్కడ దొరుకుతుందో కూడా అదే పత్రంలో ఉండాలి.